బాపట్ల వ్యవసాయ కళాశాల, 1996–2000 తరగతి: పాతికేళ్ళ తరువాత ఎవరెక్కడ, ఏ పనిలో

కొమ్మమూరు (గుంటూరు)

మిత్రులందరికీ నమస్కారం. మనం బాపట్ల వదిలి ఈ ఏడాదికి పాతికేళ్ళు నిండాయి. పెళ్ళిళ్ళలోనో, రైల్వే స్టేషన్లలోనో ఇద్దరు ముగ్గురం కలుసుకుని వాళ్ళ సంగతి వీళ్ళకు, వీళ్ళ సంగతి వాళ్ళకు చెప్పుకోవడమే తప్ప, అందరి విషయాలూ ఒకచోట చదువుకునే అవకాశం ఇంతవరకు రాలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. ఉద్యోగం, కుటుంబం, పిల్లల చదువులు తప్పక రాయండి. వాటితోపాటు మనం నాలుగేళ్ళు నేర్చుకున్న వ్యవసాయ శాస్త్రం మీ రోజువారీ పనిలో ఇప్పటికీ ఏ రూపంలో మిగిలి ఉందో కూడా రాయమని నా మనవి. ఏ హోదాలో ఉన్నామన్న దానికంటే అది తెలుసుకోవాలనే నాకు ఎక్కువ ఆసక్తి.

ముందుగా నా సంగతి. మండల వ్యవసాయ అధికారిగా చేరి ఆరు మండలాలు తిరిగాను. ప్రస్తుతం సహాయ సంచాలకుడిగా పనిచేస్తున్నాను. నా భార్య ఉపాధ్యాయురాలు. పెద్దమ్మాయి వైద్యవిద్య చదువుతోంది, అబ్బాయి ఇంటర్మీడియట్‌లో ఉన్నాడు. ఉద్యోగంలో అధిక భాగం సమావేశాలకు, నివేదికలకు, ఏ పొలంలో ఎవరు ఏ పంట వేశారో రాసే ఈ-పంట నమోదు లెక్కలకు పోతుంది. అయినా వారానికి రెండు రోజులు ఉదయం ఏడింటికల్లా పొలంలో ఉండాలన్న నియమం ఇప్పటికీ తప్పలేదు. వరి దుబ్బును మొదలు దగ్గర వేళ్ళతో విడదీసి, సుడిదోమ ఉందో లేదో నీటిమట్టానికి కొంచెం పైన చూడాలని మన కీటకశాస్త్రం గురువుగారు నడుము వంచి చూపించారు కదా. ఈనాటికీ గట్టు మీద నిలబడి చూసి రాసే నివేదికను నేను నమ్మను. మా విస్తరణ అధికారులను కూడా దుబ్బు విడదీసి చూడమనే అడుగుతాను.

మనలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఒకరు 2021 మే నెలలో కరోనాతో వెళ్ళిపోయారు. మరొకరు అంతకు ఆరేళ్ళ ముందే రోడ్డు ప్రమాదంలో పోయారు. వారి కుటుంబాలతో నేను మాట్లాడుతూనే ఉన్నాను. పిల్లలు బాగా చదువుకుంటున్నారు.

నల్లరేగడి (నంద్యాల)

ఈ చర్చ మొదలుపెట్టినందుకు ధన్యవాదాలు. నేను తిరుపతిలో ఎమ్మెస్సీ, ఆ తరువాత పీహెచ్‌డీ చేసి, కొత్త పంట రకాలు తయారుచేసే ప్రజనన శాస్త్ర విభాగంలో శాస్త్రవేత్తగా చేరాను. ఉద్యోగ జీవితమంతా శనగ పంటతోనే గడిచింది.

మనం మూడో సంవత్సరంలో ఉండగా, 1999లో, జేజీ 11 శనగ రకం విడుదలైంది. అప్పుడు మనలో ఎవరమూ దాన్ని పట్టించుకున్నట్టు నాకు గుర్తు లేదు. పరీక్షలో నాలుగు మార్కులకు పనికొచ్చే పేరు, అంతే. నంద్యాల వచ్చాకే ఆ రకం ఏం చేసిందో కళ్ళారా చూశాను. అంతకుముందు ఇక్కడి రైతులు కర్ణాటక నుంచి వచ్చిన అన్నిగేరి వేసేవారు. అది ఎండుతెగులుకు లొంగిపోయేది. జేజీ 11 ఆ తెగులును తట్టుకుంది, వంద రోజుల లోపే కోతకు వచ్చింది, గింజ లావు కావడంతో మార్కెట్లో మంచి ధర పలికింది. అక్టోబరు, నవంబరు నెలల్లో నల్లరేగడిలో నిలిచిన తేమ మీదనే, ఒక్క తడి కూడా పెట్టకుండా పండే పంట కాబట్టి, పొగాకు, పత్తి వేసి అప్పులపాలైన రైతులు ఇటు మళ్ళారు. కర్నూలు, ప్రకాశం జిల్లాల్లో శనగ ఈనాడు ఇంత విస్తీర్ణంలో ఉండడానికి ఆ మార్పే కారణం.

నా వంతుగా యంత్రంతో కోయడానికి వీలైన రకాల మీద పనిచేశాను. పాత రకాల మొక్క నేలబారుగా పెరుగుతుంది, కాయలు కిందినుంచే పడతాయి, యంత్రం వాటిని అందుకోలేదు. నిటారుగా, ఎత్తుగా పెరిగి కాయలు పైన పట్టే ఎన్‌బీఈజీ 47 రకం మా కేంద్రం నుంచి వచ్చింది. ఆ బృందంలో నేనూ ఒకడిని. మొదటిసారి కోత యంత్రం ఆ మడిలోకి దిగినప్పుడు గట్టు మీద నిలబడిన ఒక రైతు, యంత్రం దాటిపోయిన చోటికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, నేల మీద రాలిన గింజలను ఒక్కొక్కటే అరచేతిలోకి ఏరుకున్నాడు. పిడికిలి కూడా నిండలేదు. ఆయన అరచెయ్యి చాపి నాకు చూపించిన తీరు నేను మరచిపోలేను.

ఒక బాధ కూడా చెప్పాలి. దిగుబడి పెంచడం మా చేతుల్లో ఉంది, ధర మా చేతుల్లో లేదు. ధర పడిపోయిన ఏళ్ళలో రైతులు శనగను శీతల గిడ్డంగుల్లో పెట్టి, అద్దెలు కట్టి, చివరకు నష్టానికి అమ్ముకున్నారు. మేము పేరు పెట్టి విడుదల చేసిన రకం బస్తాల్లో మూలుగుతుంటే చూడడం శాస్త్రవేత్తకు చిన్న విషయం కాదు.

ఇంట్లో అందరూ క్షేమం. అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఒక్కడే కొడుకు, తిరుపతిలో మన చదువే చదువుతున్నాడు.

పాసుపుస్తకం (ఏలూరు)

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వరంగ బ్యాంకులో వ్యవసాయ క్షేత్రాధికారిగా చేరి, తొమ్మిది బదిలీల తరువాత ఇప్పుడు ముఖ్య మేనేజరుగా ఉన్నాను. మొదటి నియామకం బీహారులో. భాష రాదు, తెలిసినవాళ్ళు లేరు. కానీ అక్కడి రైతు నారుమడి చూపించి జింకు లోపం గురించి అడిగినప్పుడు జవాబు చెప్పడానికి భాష పెద్దగా అడ్డు రాలేదు.

మన చదువు నాకు ఎక్కడ పనికొచ్చిందని అడిగారు. దరఖాస్తులో ఉన్న పంట ఆ నేలలో, ఆ నెలలో పండుతుందో లేదో బ్యాంకు గదిలో కూర్చున్న వాళ్ళలో నాకొక్కడికే తెలిసిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. రుణ పరిమితి నిర్ణయించేటప్పుడు ఆ తెలివిడి చాలా ముఖ్యం.

అయితే, ఇన్నేళ్ళలో నా మనసును ఎక్కువగా కలచివేసింది కౌలు రైతు సమస్య. గోదావరి డెల్టాలో వరి పండించే చేతులు చాలావరకు కౌలు రైతులవే. పాసుపుస్తకం మాత్రం యజమాని పేరున ఉంటుంది. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల రూపాయల వరకు 7 శాతం వడ్డీ, గడువులోగా కట్టిన వారికి అది 4 శాతానికి తగ్గుతుంది. ఆ ప్రయోజనం చాలాచోట్ల పొలంలో అడుగుపెట్టని యజమానికి అందుతుంది, మడిలో దిగినవాడు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకుంటాడు. 2011లో ఒక చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండో చట్టం కింద ఇచ్చే 11 నెలల సాగుదారు హక్కు పత్రానికి యజమాని అంగీకారం కావాలి. సంతకం పెడితే భూమి చేజారిపోతుందేమోనన్న భయంతో చాలామంది యజమానులు పెట్టరు. ఆ భయం నిరాధారమని పత్రంలోనే ఉన్నా వారు నమ్మరు.

నేను చేయగలిగిందల్లా, ఒకరి అప్పుకు మిగతావాళ్ళు పూచీగా ఉండే కౌలు రైతుల ఉమ్మడి బాధ్యతా బృందాలకు రుణాలు ఇప్పించడం. మొత్తం మీద 140 బృందాలకు పైగా ఇప్పించాను. వాటిలో మొండి బకాయిలు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. ఈ మాట ఎక్కడ చెప్పే అవకాశం వచ్చినా చెబుతున్నాను, ఇక్కడ కూడా అందుకే రాస్తున్నాను.

మందులకొట్టు (నరసరావుపేట)

నేను 2003 నుంచి ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతున్నాను. ఉద్యోగం రాక పెట్టుకున్న దుకాణమే, అయినా ఇప్పుడు అదే నాకు ఇష్టమైన పని.

2021–22లో మిరప మీద కొత్త రకం తామర పురుగు పూలలోకి దూరి, పూత పూతంతా రాలగొట్టిన రోజులు మన ప్రాంతం వాళ్ళకు గుర్తుండే ఉంటాయి. రైతులు ఒక్కో పూటకు ఒక్కో మందు అడిగేవారు. మూడు మందులు కలిపి ఇవ్వమని బతిమాలిన వాళ్ళూ ఉన్నారు. అలా కలిపితే పురుగుకంటే ముందు దాన్ని తినే మిత్రపురుగులు చస్తాయని, నీలిరంగు జిగురు అట్టలు పెట్టి చూడమని, నత్రజని తగ్గించమని చెప్పాను. కొందరు కోపంతో పక్క దుకాణానికి వెళ్ళిపోయారు. ఆ ఏడాది నా అమ్మకాలు చుట్టుపక్కల దుకాణాలకంటే తక్కువ. మరుసటి ఏడాది వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి వచ్చారు. డిగ్రీ పట్టాను ఇంట్లో కాక దుకాణంలో గల్లాపెట్టె వెనుక గోడకు తగిలించాను.

పచ్చసూచిక (డల్లాస్)

నమస్కారమండీ. నేను రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఆలోచించాను. ఎందుకంటే మనలో పొలానికి అందరికంటే దూరంగా వెళ్ళినవాళ్ళలో నేనూ ఒకరిని. 2000లో పట్టా చేతికి రాగానే అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులో చేరాను. తండ్రి అనారోగ్యం, ఇద్దరు చెల్లెళ్ళ చదువు ఉండగా ఎమ్మెస్సీకి మరో రెండేళ్ళు ఆగే పరిస్థితి మా ఇంట్లో లేదు. బెంగళూరులో ఎనిమిదేళ్ళు, ఇక్కడ పదమూడేళ్ళు సాఫ్ట్‌వేరులోనే పనిచేశాను.

ఆరేళ్ళ క్రితం మా సంస్థలో ఉపగ్రహ చిత్రాలతో పంట అంచనాలు వేసే విభాగం మొదలైనప్పుడు, ఆకు ఎరుపు కాంతిని పీల్చుకుని, కంటికి కనిపించని పరారుణ కాంతిని వెనక్కి పంపుతుందని, ఆ రెంటి తేడాతో పచ్చదనాన్ని లెక్కగడతారని చెప్పారు. ఆ గదిలో ఉన్నవాళ్ళకు అది గణితం. నాకు మాత్రం మన పంటశరీర ధర్మశాస్త్రం ప్రయోగశాల, పత్రహరితాన్ని ఎసిటోనులో కరిగించిన పరీక్షనాళికలు కళ్ళ ముందు కదిలాయి. ఆ రోజే ఆ విభాగానికి మారతానని అడిగాను. ఇప్పుడు వరి, మొక్కజొన్న పంటల నష్టం అంచనా వేసే నమూనాల మీద పనిచేస్తున్నాను. మా బృందంలో వరి నాట్లు స్వయంగా వేసిన వ్యక్తిని నేనొక్కదాన్నే. నాలుగో సంవత్సరంలో గ్రామీణ కృషి అనుభవ కార్యక్రమం కింద మమ్మల్ని కర్లపాలెం మండలంలో ఒక రైతు ఇంట్లో పెట్టారు. అక్కడి ఊడ్పులలో మొదటి వరుస వంకరగా వేశానని ఆ ఇంటి పెద్దమ్మ మొత్తం పీకించి మళ్ళీ వేయించింది.

నా భర్త కూడా ఇదే రంగం. ఇద్దరు పిల్లలు. తెలుగు మాట్లాడతారు, చదవడం మాత్రం చిన్నమ్మాయికే వచ్చు.

మాగాణిగట్టు (బాపట్ల జిల్లా)

కొమ్మమూరూ, నువ్వు ఫోనులో పదిసార్లు అడిగావు కనుక రాస్తున్నాను. వసతిగృహంలో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నవాడి మాట తీసివేయలేను.

మిత్రులారా, నేను వ్యవసాయం చదివి వ్యవసాయమే చేస్తున్నాను. విత్తన సంస్థలో ఏడేళ్ళు పనిచేసి, 2007లో నాన్న పోయాక ఊరికి వచ్చేశాను. సొంతం 6 ఎకరాలు, కౌలు 9 ఎకరాలు. మొత్తం కాలువ చివరి భూమి. నీరు అందరికంటే ఆఖరున వస్తుంది, వర్షాలకు మునిగితే అందరికంటే ఆఖరున దిగుతుంది.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి నాలుగు ఎకరాలు కోసి, ఆరడానికి పొలంలోనే పనలుగా వేసి ఉంది, మిగతాది కోతకు సిద్ధంగా ఉన్న సాంబ మసూరి. ఆ రాత్రంతా గాలి. తెల్లారి చూస్తే నిలబడి ఉన్న చేను చాప పరిచినట్టు పడుకుని ఉంది, పనలు నీటి మీద తేలుతున్నాయి. కూలీలు దొరకలేదు. నేను, నా భార్య, అబ్బాయి మోకాలి లోతు నీటిలో పనలను ఒక్కొక్కటే ఎత్తి గట్ల మీదికి చేర్చాము. లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద పిచికారీ చేస్తే గింజ మొలకెత్తడం ఆగుతుందని చదువుకున్నాము కదా, ఊళ్ళో కొట్టు మూసి ఉంటే ఇంట్లో ఆవకాయ కోసం దాచిన ఉప్పు బస్తా తీసి వాడాము. గట్టుకు చేర్చిన వాటిలో మొలక చాలావరకు ఆగింది. చేర్చలేని వాటిలో నాలుగో రోజుకే తెల్లటి మొలకలు వెన్నుల మీద దూదిలా కనిపించాయి.

నా ప్రశ్న ఒకటే. సాంబ మసూరి, అదే మన కళాశాల పక్కనున్న పరిశోధనా స్థానం 1986లో ఇచ్చిన బీపీటీ 5204, పడిపోతుందని తెలిసీ నేను ఎందుకు వేస్తున్నాను? ఎందుకంటే కొనేవాడు అదే అడుగుతాడు, బస్తాకు ఎక్కువ ఇస్తాడు. కౌలు ధాన్యం కూడా ఆ రకమే కొలవాలని మా యజమాని షరతు. దీనికి మీలో ఎవరి దగ్గరైనా దారి ఉంటే చెప్పండి.

చెరువుకింద (సూర్యాపేట)

మాగాణిగట్టు రాసింది చదివిన తరువాత నా సంగతులు క్లుప్తంగా చెప్పి నేరుగా విషయానికి వస్తాను. నేను తెలంగాణ వ్యవసాయ శాఖలో ఉన్నాను. మనం చేరిన 1996లోనే మన విశ్వవిద్యాలయానికి ఆచార్య ఎన్.జి. రంగా గారి పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పుడు గుంటూరు లాంలో ఉంది, నేను ఎమ్మెస్సీ చదివిన రాజేంద్రనగర్ ఆచార్య జయశంకర్ గారి పేరున ఉంది. నా రెండు పట్టాలు రెండు రాష్ట్రాలకు చెందినట్టయింది. రెండూ నావే.

ఇక వరి సంగతి. మా దగ్గర కూడా సాంబ మసూరిదే రాజ్యంగా ఉండేది. 145 నుంచి 150 రోజుల పంట, అగ్గితెగులు వస్తే చేతికి అందదు. ఆర్‌ఎన్ఆర్ 15048, అదే తెలంగాణ సోన, 125 రోజులకే వస్తుంది, గింజ సన్నం, అగ్గితెగులును తట్టుకుంటుంది. వ్యాపారులు మొదట్లో కొనలేదు. వండి పెట్టాక కొన్నారు. మేము నిజంగానే రైతు వేదికల్లో అన్నం వండి వడ్డించాము. నీ పొలానికి కూడా తక్కువ కాలపు సన్న రకం సరిపోతుందేమో ఆలోచించు. మూడు వారాల ముందు కోతకు వస్తే డిసెంబరు తుపాను తప్పుతుంది.

మాగాణిగట్టు

మీ సూచనకు కృతజ్ఞతలు. కానీ నవంబరు మధ్యలో కోత అంటే మాకు అదీ తుపానుల నెలే. మనం మొదటి సంవత్సరంలో ఉండగా కోనసీమను ముంచిన తుపాను నవంబరు 6న వచ్చింది. పైగా కాలువ నీరు చివరి భూములకు ఆగస్టులో గానీ రాదు. నీటికి ఎదురుచూడకుండా జూన్ వానలకే పొడి దుక్కిలో విత్తనం ఎదబెడితే, తక్కువ కాలపు రకం అక్టోబరులోనే ఇంటికి రావాలి. రెండు ఎకరాల్లో చేసి చూశాను. కలుపు విపరీతంగా వచ్చింది. వరి బలంగానే ఉంది.

కొమ్మమూరు

ఎదబెట్టిన వరిలో కలుపు మొదటి 30 రోజుల సమస్య. విత్తిన రెండు రోజుల్లో, నేల తడిగా ఉన్నప్పుడే మొలక రాకముందు వేసే మందు పడి తీరాలి. నువ్వు ఆలస్యం చేశావని నాకు తెలుసు, ఆ వారం నా మేనల్లుడి నిశ్చితార్థానికి వచ్చి మూడు రోజులు ఉండిపోయావు. ఈసారి రెండు ఎకరాలు కాదు, నాలుగు ఎకరాలు వేయి. జూన్‌లో నేనే వచ్చి దగ్గరుండి వేయిస్తాను.

నల్లబల్ల (అనకాపల్లి)

నేను జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. ఇంతకుమించి నా గురించి రాయడానికి ఎక్కువ లేదు. మీరు రాసిన ఉప్పు ద్రావణం సంగతి, పంట మొలకల సంగతి రేపు తరగతిలో విత్తన నిద్రావస్థ పాఠంలో చెబుతాను. పుస్తకంలో ఆ పాఠానికి ఇంతవరకు ఒక్క మంచి ఉదాహరణ లేదు.

పాసుపుస్తకం

మాగాణిగట్టు, ఒక విషయం తప్పక గుర్తుంచుకోండి. ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధనల్లో కోసి పొలంలో ఆరబెట్టిన పంటకు కోత తరువాత 14 రోజుల వరకు తుపాను నష్టం వర్తిస్తుంది. కానీ 72 గంటల్లోగా ఫిర్యాదు నమోదు కావాలి. మీ 9 ఎకరాల కౌలు ఎవరి పేరున ఈ-పంటలో నమోదైంది?

మాగాణిగట్టు

యజమాని పేరున. 2023లో పరిహారం ఆయన ఖాతాలోనే పడింది. ఆయన చెడ్డవారు కాదు, సగం నాకు పంపారు. కానీ పంపకపోతే అడిగే హక్కు నాకు లేదు.

పాసుపుస్తకం

యజమాని మీతో అంత సఖ్యంగా ఉన్నారు కనుక సాగుదారు హక్కు పత్రం కోసం ఈసారి నేను వచ్చి ఆయనతో మాట్లాడతాను. నాలాంటి బ్యాంకు మనిషి ఎదురుగా కూర్చుని ఆ 11 నెలల షరతు చదివి వినిపిస్తే ఒప్పుకున్నవాళ్ళు ఉన్నారు. ఆయన ఎక్కడ ఉంటారు?

మాగాణిగట్టు

హైదరాబాదు, కూకట్‌పల్లి. దసరాకు ఊరికి వస్తారు.

పచ్చసూచిక

మాగాణిగట్టు గారూ, మీరు రాసింది చదివాక 2023 డిసెంబరు రాడారు చిత్రాలు తెరిచి చూశాను. తుపాను రోజుల్లో మబ్బు వల్ల మామూలు చిత్రాలు పనికిరావు, రాడారు మబ్బును దాటి చూస్తుంది. అప్పట్లో సెంటినెల్-1 రాడారు ఉపగ్రహాల్లో ఒక్కటే పనిచేస్తుండేది కనుక 12 రోజులకొకసారి మాత్రమే చిత్రం దొరికేది. నిలిచిన నీరు అందులో నల్లగా కనిపిస్తుంది. పడిపోయిన వరిని గుర్తించడం కష్టం, అది మా నమూనాలకు పెద్ద లోపం. మీ పొలంలో ఏ మడి నిలబడింది, ఏది పడింది, ఎక్కడ పనలు మునిగాయి అన్నది ఒక కాగితం మీద గీసి పంపగలరా? నేల మీద చూసినవాళ్ళు చెబితే తప్ప ఆ నల్లమచ్చల్లో ఏది ఏదో మాకు తెలియదు.

మాగాణిగట్టు

పంపుతానండీ. అబ్బాయి చేత గీయించాను, మొత్తం పదకొండు మడులు. తూర్పు గట్టు వెంబడి మూడు మడుల్లో నీరు తొమ్మిది రోజులు నిలిచింది, ఎందుకంటే ఆ పక్క మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకుని ఉంది. దాన్ని కూడా గుర్తు పెట్టించాను. పడమర రెండు మడుల్లో చేను పడలేదు. అక్కడ ఆ ఏడాది యూరియా ఒక దఫా తక్కువ వేశాను.

కొమ్మమూరు

ఆ పడమర మడుల సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదేమిటి? ఎకరానికి ఎంత వేశావు, ఏ దఫా మానేశావు, వివరంగా రాయి. చిరుపొట్ట దశలో వేసేదా, అంతకు ముందుదా?